సిగ్గరి పోగు

మాస్టారికి పనికొచ్చే కన్ను కుడిది ఒక్కటే. ఎడమది పుట్టుబద్ధకస్తురాలని ఆయనే చెప్పేవారు. ఎదురుగా మనిషి ఉన్నాడని మాత్రం అది చెప్పగలదు. ఆ మనిషి ఎవరో చెప్పడం దానివల్ల కాదు. మట్టిలో బతికే బ్యాక్టీరియాలనూ బూజులనూ ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆయన ఆ కుడికంటితోనే చూశారు. మా ల్యాబులో రెండు కళ్లతో చూసే మైక్రోస్కోపులున్నాయి, కెమెరా బిగించినవి ఉన్నాయి. మాస్టారిది మాత్రం కిటికీ పక్క బల్లమీదుండే పాత ఒంటిగొట్టం మైక్రోస్కోపు. ఇద్దరికీ ఈడూ జోడూ కుదిరిందనేవారు.

ఆ కంటిని మేమంతా ల్యాబులో అన్నిటికంటే సున్నితమైన సామానుగా చూసుకునేవాళ్లం. మాస్టారు తలుపు తోసుకుని వస్తుంటే చేతిలో కత్తెర ఉన్నవాళ్లు వెనక్కి దాచుకునేవాళ్లు. యాసిడ్ సీసా ఆయన బల్ల దరిదాపుల్లోకి వెళ్లేది కాదు. ఆ కన్ను పోతే ఆయనకు ఇంకేమీ మిగలదని ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన అవసరం లేదు.

మేం చేసే పని వినడానికి గొప్పగా ఉండదు. చిన్న చిన్న గాజు పలకల్ని మట్టిలో నిలువుగా పాతిపెడతాం. కొన్ని వారాలు వాటి జోలికి పోము. మట్టిలో ఉండేవి ఆ గాజు కూడా ఒక రాయే అనుకుని దానిమీద కాపురం పెడతాయి. తర్వాత పలకను బయటికి తీసి, ఒక పక్క తుడిచి, రెండో పక్కకు గులాబీ రంగు పట్టించి చూస్తాం. బ్యాక్టీరియాలు గులాబీ చుక్కల్లా, బూజు పోగులు గులాబీ దారాల్లా కనిపిస్తాయి. ఇసుక రేణువులకు రంగు అంటదు. అవి ఊరికే అడ్డంగా కూర్చుని ఉంటాయి.

చూసినదాన్ని చేత్తో గీయాలి. అదీ ఇద్దరు గీయాలి. ఒకే పలక, ఒకే చోటు, ఒకరి తర్వాత ఒకరు కూర్చుని, ఒకరి కాగితం ఇంకొకరు చూడకుండా పల్చటి కాగితం మీద గీయాలి. తర్వాత ఆ రెండు కాగితాల్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనిస్తారు మాస్టారు. వెలుతురులో రెండు బొమ్మలూ కలిసినచోటే నిజం ఉన్నట్టు లెక్క. కలవని గీతల్ని రబ్బరుతో చెరిపేస్తారు. గీసినవాళ్లు బాధపడకూడదు.

నేను చేరిన రోజున మాస్టారు నన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, ఏమీ లేని శుభ్రమైన గాజు పలక పెట్టి, కనిపించేది గీయమన్నారు. పలకమీద ఏమీ లేదని నాకు తెలియదు. పారదర్శకంగా ఒక చిన్న పురిపోగు లాంటిది తేలుతూ కనిపించింది. భయపడుతూనే గీశాను.

"ఇది నీ కంట్లో సామాను," అన్నారు మాస్టారు. కంటి లోపలంతా జిగురులాంటి పదార్థం ఉంటుందనీ, అందులో తేలే నలకల నీడలే ఇలా కనిపిస్తాయనీ, అందరికీ ఉంటాయనీ చెప్పారు. వాటిని మొదటి రోజే పలకరించి, ఆ తర్వాత పట్టించుకోవడం మానెయ్యాలి. ఆయనకు మూడున్నాయి. ఒకటి ఉంగరం, ఒకటి జడ, ఒకటి వంకర సూది. మూడూ పెళ్లికి ముందునుంచీ ఉన్నవే.

"వాటి జోలికి నేను పోను, నా జోలికి అవి రావు," అన్నారు.

నేనూ నా పురిపోగును పట్టించుకోవడం మానేశాను. కొన్నాళ్లకు అది కనిపించడం కూడా మానేసింది.

ల్యాబులో నాకు పెద్ద దిక్కు ఔనన్న. నాకంటే ముందు చేరిన పరిశోధక విద్యార్థి. మాస్టారు ఏ మాటన్నా, అది పూర్తికాకముందే ఔననేవాడు. మాస్టారు "ఇవాళ వాన..." అనగానే ఔను వచ్చేసేది. "పడదు" అని మాస్టారు పూర్తిచేసినా ఆ ఔను చెల్లుబాటయ్యేది. మనిషి మంచివాడు. రంగు ఎంతసేపు ఉంచాలో, పలకను ఏ వేలితో పట్టుకోవాలో నాకు నేర్పింది అతనే. తడి మట్టి బస్తాలు నన్ను ఎత్తనిచ్చేవాడు కాదు. మాస్టారంటే అతనికి భయం కాదు, ఇష్టం. అందుకే నయం కాలేదు.

ఆ వానాకాలం మాస్టారు తడి పలకలు చూడటం మొదలుపెట్టారు. ఆరబెట్టకుండా, నీటిబొట్టుతో, బతికున్నవాటిని బతికున్నట్టే. ల్యాబు వెనక పాత గోడ కింద పాతిన పలకలవి. ఒకరోజు ఉదయం ఆయన తల ఎత్తకుండానే మమ్మల్ని పిలిచారు. చప్పుడు చెయ్యకుండా రమ్మన్నారు.

రంగులేని సన్నటి పోగు. దానిమీద వరసగా పూసల్లాంటి గుండ్రాలు. కుడి పక్కన ఉంటుంది. సూటిగా చూడబోతే పక్కకు జారుకుంటుంది. చూపు తిప్పుకుంటే మెల్లగా వెనక్కి వస్తుంది. పలకను జరిపినా అది వెనకబడదు, ఈదుకుంటూ వచ్చేస్తుంది. గులాబీ రంగు పట్టదు. నీలం వేసినా పట్టలేదు. మాస్టారు తన ఉద్యోగంలో ఇలాంటిదాన్ని చూడలేదు. దానికి సిగ్గరి అని ముద్దుపేరు పెట్టారు.

ఔనన్న గొట్టంలోకి చూసి, ఔనన్నాడు.

నేను చూశాను. ఇసుక ఉంది, చుక్కలున్నాయి, మామూలు బూజు పోగులున్నాయి. సిగ్గరి లేదు. మధ్యాహ్నం దాకా చూశాను, లేదు. మర్నాడూ లేదు.

"మీ ఊరి బళ్లో నల్లబల్ల తప్ప ఇంకేం చూపించలేదా?" అన్నాడు ఔనన్న.

"నల్లబల్ల కూడా సగమే ఉండేదన్నా," అన్నాను.

పక్క గదిలో కెమెరా మైక్రోస్కోపు కింద పెట్టి ఫొటోలు తీశాం. ఒక్క ఫొటోలోనూ సిగ్గరి పడలేదు. కెమెరాకు ఓపిక తక్కువన్నారు మాస్టారు. ఆయనకు మాత్రం ఏ పలక పెట్టినా కనిపిస్తోంది. గోడ కింద మట్టిలోనూ ఉంది, తోట మట్టిలోనూ ఉంది, కుండీల మట్టిలోనూ ఉంది. ఇంత విరివిగా దొరికేది ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదంటే అది ఎంత సిగ్గరో చూడమన్నారు.

కొత్తదాన్ని కనిపెట్టినవాళ్లకు పేరు పెట్టే హక్కు ఉంటుంది. మాస్టారు దానికి భార్య పేరు పెడదామనుకున్నారు. ఆ సంగతి ఇంట్లో చెబితే, రంగు పట్టదు, పిలిస్తే రాదు, చూడబోతే పోతుంది, దానికి పెట్టడానికి నా పేరే దొరికిందా అని ఆవిడ అన్నదట. మాస్టారు అదేదో ఆశీర్వాదమన్నట్టుగా మాకు చెప్పారు. రాబోయే శాస్త్రవేత్తల సభలో చదవడానికి వ్యాసం కూడా మొదలుపెట్టారు. ఆయన అంత హుషారుగా ఉండటం నేను చేరాక చూడలేదు. మెట్లు ఎక్కేటప్పుడు ఈల వేస్తున్నారు.

ఇక చూడక తప్పదని నేను కూర్చున్నాను. చూపు కదలకుండా, మనసు కూడా కదలకుండా, కనబడాలి కనబడాలి అనుకుంటూ చూశాను. కనబడింది. రంగులేని పోగు, సూటిగా చూస్తే జారిపోయేది. పూసలు మాత్రం లేవు, పురితిరిగి ఉంది. వెంటనే గీశాను.

మూడు కాగితాలూ కిటికీ దగ్గరికి చేరాయి. మాస్టారిదీ ఔనన్నదీ ఒకదానిమీద ఒకటి పెడితే పూసకు పూస కలిసింది. ఒకే వంపు, ఒకే చోటు. నాది మాత్రం వాటికి అడ్డంగా, వేరే పక్కన పడుకుని ఉంది. మాస్టారు చాలాసేపు చూసి, నాది దాని పిల్ల అయ్యుంటుందన్నారు. ఔనన్న ఔనన్నాడు.

ఆగకుండా పారిపోయే పోగు ఇద్దరికీ అదే చోట అదే వంపుతో ఎలా నిలబడిందో నాకు అర్థం కాలేదు. ఆ మాట అడుగుదామనుకునేలోపు మాస్టారు మూడు కాగితాల్నీ ఫైల్లో పెట్టేశారు.

నేను మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. అత్త కళ్లాసుపత్రిలో నర్సు. వచ్చినవాళ్ల కంట్లో చుక్కలు వేసి, ముందు ఎవర్ని లోపలికి పంపాలో తేల్చేది ఆవిడే. రోజంతా జనాన్ని కళ్లు తెరవమని అరిచి వస్తుంది కాబట్టి ఇంట్లో కూడా గొంతు అదే స్థాయిలో ఉండేది. రాత్రి భోజనాల దగ్గర మా ల్యాబులో కొత్త జీవి దొరికిందని చెప్పాను. అది ఎలా ఉంటుందో చెప్పాను.

అత్త తినడం ఆపింది. మాస్టారి వయసెంతని అడిగింది. అద్దాలు దళసరివా అని అడిగింది. సీసా అడుగులంత అని చెప్పాను.

"అటు చూస్తే అటు, ఇటు చూస్తే ఇటు పోతుందా?"

"ఔనత్తా."

"తెల్లగోడ మీద చూడమను. అక్కడా ఉంటే అది మట్టిలోది కాదే, పిల్లా."

ఆయనకు నలకల సంగతి తెలుసనీ, మాకు నేర్పిందే ఆయననీ, ఉన్న మూడింటికీ పేర్లు కూడా పెట్టుకున్నారనీ చెప్పాను. అదే తంటా అంది అత్త. ఏమీ తెలియనివాడు కంట్లో కొత్తగా ఏదో కనబడుతోందని పరుగెత్తుకొస్తాడు, అంతా తెలుసనుకున్నవాడు దానికి పేరు పెడతాడంది. ఊరికే ఒక నలక ఎక్కువైతే ప్రమాదం లేదనీ, ఉన్నట్టుండి గుంపులు గుంపులుగా వచ్చినా, కంటి పక్కన మెరుపులు మెరిసినా మాత్రం లోపలి పొర చిరుగుతున్నట్టేననీ చెప్పింది. చిరిగిన పొర ఊడిందంటే చూపు పోతుంది.

"మెరుపులొస్తే ఆ రోజే తీసుకురా. రేపొస్తామనేవాళ్లని చాలామందిని చూశాను. ఇప్పుడు వాళ్లని ఇంకొకళ్లు నడిపించుకొస్తుంటారు."

మర్నాడు అందరికంటే ముందు ల్యాబుకు వెళ్లాను. శుభ్రంగా కడిగిన ఖాళీ పలక పెట్టి చూశాను. నా పోగు అక్కడే ఉంది. ఒకప్పుడు పలకరించి వదిలేసిన నా పురిపోగే అది. ఇన్నాళ్లకు మళ్లీ పిలిచానని వచ్చింది.

మాస్టారు రాగానే చెప్పాను. నేను గీసింది మట్టిలోది కాదు, నా కంట్లోదన్నాను. ఆయన నన్ను మెచ్చుకున్నారు. ఒప్పుకోవడం మంచి లక్షణమన్నారు. అందుకే నా బొమ్మ కలవలేదన్నమాట అని తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, నా కాగితాన్ని ఫైల్లోంచి తీసి చెత్తబుట్టలో వేశారు.

"మీరు కూడా ఒకసారి ఖాళీ పలక..." అన్నాను.

"మా ఇంట్లో ఎవరెవరున్నారో నాకు తెలీదామ్మా?" అన్నారు.

ఆయన ఉద్దేశంలో అది పొగరు కాదు. ఉంగరం, జడ, వంకర సూది ఎక్కడెక్కడ ఉంటాయో ఆయనకు కంఠతా వచ్చు. సిగ్గరి ఆ మూడింట్లో ఏదీ కాదు. కాబట్టి బయటిది. పైగా ఇద్దరి బొమ్మలూ పూసకు పూస కలిశాయి. ఒకరి కంట్లో నలక ఇంకొకరి కంట్లో ఉండదు కదా. ఆయన పెట్టిన నియమమే ఆయన్ని ఒప్పించింది. అందులో తప్పు పట్టడానికి ఒక్కచోటే సందుంది. ఆ సందులో ఔనన్న నిలబడి ఉన్నాడు.

పలకలు కడిగే తొట్టి దగ్గర ఔనన్నను పట్టుకున్నాను.

"అన్నా, సిగ్గరి నీకు నిజంగా కనబడిందా?"

"ఔను," అన్నాడు.

"మాస్టారి కాగితం చూసి గీశావా?"

"ఔను," అన్నాడు.

రెండూ ఒకే గొంతుతో అన్నాడు. పలక కడగడం ఆపలేదు.

మాస్టారికి టీ పెట్టడానికి వెళ్లినప్పుడు కాగితం బల్లమీద తెరిచి ఉందట. మొదట చూడకూడదనే అనుకున్నాడట. కానీ గొట్టంలో ఎంతసేపు చూసినా ఏమీ కనబడలేదు, ఉన్నదాన్ని చూడలేని కళ్లు తనవేనని సిగ్గుపడి, ఆయన గీసింది తప్పయ్యే ప్రసక్తి ఎలాగూ లేదు కాబట్టి, అదే గీశాడట. ఇందులో మోసం ఉందని అతనికి తోచలేదు. ఇవాళ కాకపోతే రేపు తనకూ కనబడుతుందన్న నమ్మకంతో గీశాడు. అప్పు లాంటిదన్నాడు.

అత్త చెప్పిందంతా అతనికి చెప్పాను. మాస్టారికి నిజం చెబుతావా అని అడిగాను. ఔనన్నాడు. ఆ రోజు చెప్పలేదు. మర్నాడు అడిగితే, మాస్టారు ఈల వేస్తూ వచ్చారు, ఎలా చెప్పనన్నాడు. ఆ పై రోజు వ్యాసంలో తన పేరు కూడా ఉందని మాస్టారు చూపించారట, ఇక అసలు చెప్పలేనన్నాడు.

ఇంట్లో అత్త రోజూ అడిగేది. ఔనన్న మాస్టారి సంతోషం చెడగొట్టలేకపోతున్నాడని చెప్పాను.

"సరే. ఆ ఉన్న ఒక్క కన్నూ పోయాక నువ్వో చెయ్యి, అతనో చెయ్యి పట్టుకుని నడిపించండి. సంతోషంగా ఉంటారు," అంది అత్త.

ఆ తర్వాతి వారం మొదట్లో ఒకరోజు నేను వెళ్లేసరికి ల్యాబులో నిచ్చెన వేసి ఉంది. దానిమీద ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. కింద మాస్టారు నిలబడి, ట్యూబులైటు పొద్దున్నుంచీ కొట్టుకుంటోందనీ, పని చేసుకోనివ్వడం లేదనీ, మూలన మెరిసి మెరిసి ఆగుతోందనీ చెబుతున్నారు. ఎలక్ట్రీషియన్ ట్యూబును తట్టి చూశాడు. తిప్పి చూశాడు. తర్వాత స్విచ్చుబోర్డు వైపు చూశాడు.

"లైటు వెయ్యలేదు సార్," అన్నాడు.

మాస్టారు అతన్ని నమ్మలేదు. కుడి పక్కకు చెయ్యి చూపించి, అదిగో మళ్లీ మెరిసిందన్నారు. అటుపక్క బీరువా ఉంది. అతను బీరువాను కూడా మర్యాదగా చూశాడు.

అత్త చెప్పిన మెరుపులు గుర్తొచ్చాయి. మాస్టారు మాత్రం మంచి ఉత్సాహంలో ఉన్నారు. లైటు సంగతి అలా ఉంచి, ఇవాళ ఒక అద్భుతం జరిగిందని నాకూ, అప్పుడే లోపలికి వచ్చిన ఔనన్నకూ చెప్పారు. సిగ్గరి పిల్లల్ని పెట్టింది. నిన్నటిదాకా ఒకటే. ఇవాళ లెక్కకు అందడం లేదు. మసి రాలినట్టు కురుస్తున్నాయి. రాత్రికి రాత్రి ఇంత పెరగడం ఏ బూజులోనూ తాను వినలేదన్నారు.

నేను చెప్పాను. నిదానంగా చెప్పాలనుకున్నది గబగబా చెప్పాను. గుంపులుగా నలకలు రావడం, మెరుపులు రావడం, పొర చిరగడం, ఈ రోజే వెళ్లాల్సి రావడం. మాటలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. మాస్టారు ఓపిగ్గా విన్నారు. నా కంగారును అర్థం చేసుకున్నట్టు తల ఊపారు.

"నువ్వు చెప్పేది నలకల గురించమ్మా. ఇది ఇద్దరం చూశాం," అని ఔనన్న వైపు తిరిగారు. "నువ్వు చూశావు కదా?"

ఔనన్న నోరు తెరిచాడు. అలవాటున రావలసింది రాలేదు. చేతిలోని పలకల పెట్టెను బల్లమీద పెట్టాడు. పెట్టిన చోటు నచ్చనట్టు కొంచెం జరిపాడు.

"లేదు మాస్టారూ," అన్నాడు. "నాకెప్పుడూ కనబడలేదు. మీ కాగితం చూసి గీశాను."

 నిచ్చెనమీద ఎలక్ట్రీషియన్, తను దిగవచ్చా అని అడిగాడు. అతనికి ఎవరూ సమాధానం చెప్పలేదు కాబట్టి అక్కడే ఉన్నాడు.

మాస్టారికి కోపం వస్తుందనుకున్నాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఎదురుగా ఉన్న తెల్లగోడను చూశారు. పనిలో ఎలా చూస్తారో అలాగే, తొందర లేకుండా, ఎడమ అంచునుంచి కుడి అంచు దాకా చూశారు. వేలితో గాలిలో ఒక్కొక్కదాన్నీ గుర్తుపడుతున్నట్టుగా ఉంగరం అన్నారు, జడ అన్నారు, వంకర సూది అన్నారు. వేలు కుడి పక్కకు వచ్చి ఆగింది.

"ఇదెప్పుడెక్కింది గోడ?" అన్నారు.

 ఇంకాసేపు చూశారు. పిల్లలు కూడా ఉన్నాయన్నారు. తర్వాత వెళ్లి మైక్రోస్కోపులోంచి పలక తీసి, గొట్టాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, దానికి తొడుగు తొడిగారు. ఏ పరిస్థితిలోనూ దాన్ని తొడుగు లేకుండా వదలరు.

"మీ అత్తయ్య ఆసుపత్రి దూరమా?" అని నన్ను అడిగారు.

ఔనన్న అప్పటికే కిందికి పరుగెత్తి కారు మాట్లాడాడు. కారు బయల్దేరింది. ఎక్కడైనా గతుకు వస్తే ఔనన్న డ్రైవరు భుజం మీద చెయ్యి వేసేవాడు. డ్రైవరుకు కారణం తెలియక మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మాస్టారు కుడికన్ను మూసుకుని, ఎడమ కంటితో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆ కంటితో చెట్లూ మనుషులూ ఒక్కలాగే ఉన్నారని ఒకసారి అన్నారు. ఇలాగే ఉంటుందన్నమాట అని కూడా అన్నారు. ఔనన్న ఔననలేదు.

అత్త మమ్మల్ని చూడగానే వరసలో ఉన్నవాళ్లందర్నీ పక్కకు జరిపింది. మాస్టారికి చుక్కలు వేసి, కళ్లు తెరవమని అందరిమీదా అరిచినట్టే ఆయన మీదా అరిచింది. ఆయన బుద్ధిగా తెరిచారు.

డాక్టరు చాలాసేపు చూసింది. పొర చిరిగిందనీ, ఇంకా ఊడలేదనీ, చిరుగు చుట్టూ లేజరుతో ఇప్పుడే అతుకు వేస్తాననీ చెప్పింది. రేపు వచ్చి ఉంటే ఏం చెప్పేదో చెప్పలేదు. 

మాస్టారి భార్య వచ్చేసరికి ఆయన కంటికి కట్టుతో బల్లమీద కూర్చుని ఉన్నారు. ఔనన్న గోడకు ఆనుకుని నిలబడి ఆవిడకు జరిగిందంతా చెప్పాడు. తన తప్పు ముందు చెప్పి, మిగతాది తర్వాత చెప్పాడు. ఆవిడ అంతా విని, మాస్టారి పక్కన కూర్చుంది.

"అయితే మీరు నా పేరు పెట్టింది మీ కంట్లో నలుసుకన్నమాట," అంది.

"ఇంకా పెట్టలేదు," అన్నారు మాస్టారు. "పెడదామనుకున్నాను."

"చూపించండి కాస్త, నాలా ఉందేమో," అని ఆయన చెయ్యి పట్టుకుంది. ఇంటికి తీసుకెళ్లేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

మాస్టారు ఇంట్లో ఉన్నన్నాళ్లూ ల్యాబు చిన్నబోయింది. ఔనన్న రోజూ ఆ మైక్రోస్కోపు తొడుగు మీద దుమ్ము తుడిచేవాడు. సభవాళ్లకు రాయమని మాస్టారు అతనితో ఒక మాట చెప్పి పంపారు. జీవి నివాసం గురించి పొరపాటు జరిగినందువల్ల వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నామని. అతను అక్షరం మార్చకుండా అలాగే రాశాడు. సభవాళ్లు, నివాసం సవరించి మళ్లీ పంపవచ్చని జవాబిచ్చారు.

మాస్టారు తిరిగి వచ్చిన రోజు ఈల వెయ్యలేదు. మెట్లు మెల్లగా ఎక్కారు. చూపు దక్కింది, నలకలు మాత్రం పోలేదు. పోవనీ, ఓపిక పట్టాలనీ డాక్టరు చెప్పిందట. ఆయన మొట్టమొదట ఖాళీ పలక పెట్టమన్నారు. గొట్టంలోకి చూస్తూ, కొత్తగా చేరిన విద్యార్థిలాగా, కనిపించింది కనిపించినట్టు గీశారు. ఉంగరం, జడ, వంకర సూది, పూసల పోగు, దాని పిల్లలు. కాగితం కింద తన పేరు రాసి, గోడకు అంటించమన్నారు. తర్వాత మా ఇద్దర్నీ కూర్చోబెట్టారు. నా పురిపోగు దాని పక్కన చేరింది. ఔనన్న చాలాసేపు చూసి, తెల్లకాగితం ఇచ్చాడు.

"ఏమీ కనబడలేదా?" అన్నారు మాస్టారు.

"లేదు మాస్టారూ."

దాన్ని కూడా అంటించమన్నారు. అన్నిటికంటే పైన అంటించమన్నారు. ఈ మధ్య ఔనన్న అడిగినవాటిలో సగానికి లేదంటున్నాడు. టీ తాగుతావా అన్నా ముందు లేదని, తర్వాత తాగుతున్నాడు.

ఇక అసలు పలక. గోడ కింద మట్టిలోంచి తీసి, తుడిచి, గులాబీ రంగు వేసి నేను సిద్ధం చేసిందే. మాస్టారు ముందు గీశారు. నేను పక్క గదిలో ఉండి, ఆయన పిలిచాక వచ్చి గీశాను. ఆయన కాగితం బోర్లించి ఉంది.

రెండు కాగితాల్నీ కిటికీ అద్దానికి ఆనించారు. ఇసుక రేణువులు కలిశాయి. చుక్కల గుంపులు కలిశాయి. మాస్టారి కాగితంలో కుడి పక్కన మాత్రం అరచేతిలో సగమంత చోటు ఖాళీగా ఉంది. దాని చుట్టూ చుక్కచుక్కలుగా గీత గీసి ఉంది.

"అక్కడ నాకు వీళ్లు అడ్డమొస్తున్నారు. ఉన్నదేదో, లేనిదేదో తెలియడం లేదు," అన్నారు. "నువ్వు చూసింది అక్కడ గియ్యి."

కలవని గీతల్ని చెరపడమే ఆయన పద్ధతి. గీయమని తన కాగితాన్ని ఎవరికీ ఎప్పుడూ ఇవ్వలేదు. నేను పెన్సిలు అందుకోవడానికి తటపటాయించాను. ఆయన దాన్ని నా చేతిలో పెట్టి, కుర్చీ కాస్త జరిపి చోటిచ్చారు.

మళ్లీ ఒకసారి గొట్టంలోకి చూశాను. నా పురిపోగు వచ్చింది. అది పక్కకు తొలిగేదాకా ఆగాను. తర్వాత ఆయన వదిలిన చోట, రెండు ఇసుక రేణువుల మధ్య ఉన్నదాన్ని గీశాను. మామూలు బూజు పోగు. రంగు బాగా పట్టింది.